మరవ పారినన్నాళ్లూ

గువ్వలపల్లి చెరువు ఇరవై రెండేళ్ల తర్వాత నిండింది. కరువుసీమలో ఆ మాటకు ఎంత బరువుందో టీవీల్లో అరిచేవాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఏం లాభం, దేవుడు వాళ్లకు చెవులు మరిచిపోయి ఆ చోట కూడా నోరే పెట్టినట్టున్నాడు.

ఊరు కదిరికి పది మైళ్లు. చెరువుకు కట్ట ఉంది, తూము ఉంది, నిండాక మిగులు నీళ్లు పొర్లిపోవడానికి రాతితో కట్టిన మరవ ఉంది. లేనివల్లా నీళ్లే. ఇన్నేళ్లలో ఆ మరవలో ముళ్లకంప మొలిచింది. చెరువు గర్భంలో కుర్రాళ్లు క్రికెట్ ఆడారు. ఒక పెద్దమనిషి ప్లాట్లు వేసి హద్దురాళ్లు కూడా పాతుకున్నాడు. అలాంటి చెరువుకు నీరుగంటి పుల్లన్న. తూము తెరవడం, మూయడం, ఎవరి మడికి ఎన్ని గంటలు నీళ్లు పారాలో చూడటం ఆ ఇంటివాళ్లకు తాతల నాటి నుంచి వచ్చిన పని. నీళ్లు లేని చెరువుకు నీరుగంటి ఎందుకని హోటలు దగ్గర అందరూ ఆటపట్టించేవాళ్లు.

"ఏమప్పా పుల్లన్నా, ఈ పొద్దు తూము ఎత్తినావా, మూసినావా?"

"మూసే ఉండాదిలే. నీ కండ్లల్లో నీళ్లొచ్చిన పొద్దు పిలుచు, వచ్చి ఎత్తుతా" అనేవాడు పుల్లన్న. అని, ప్రతి ఉగాదికీ పోయి ఎండిన తూము కడ్డీకి ఆముదం పూసి, బొట్టు పెట్టి వచ్చేవాడు. ఊరు నవ్వేది. ఆయన భార్య బయమ్మకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఆమె ఎదురు చూసేది ఇంకొకటి ఉంది.

చెరువు నిండి మరవ పారిన పొద్దు గంగమ్మకు సారె ఇవ్వాల్సింది నీరుగంటి పెళ్లాం. చేటలో రవికగుడ్డ, గాజులు, పసుపుకొమ్ములు, వక్కాకు పెట్టి నీళ్లలో వదలాలి. నవ్వుతూ వదలాలి. గంగమ్మంటే పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ. ఆడబిడ్డ గడపలో కాలు పెట్టినప్పుడు ఇంట్లో ఏడుపు వినపడితే వచ్చిన కాలితోనే వెనక్కి పోతుంది. అందుకని మరవ పారినన్నాళ్లూ నీరుగంటి ఇంట్లో ఎవరూ ఏడవకూడదు. బయమ్మ అత్త చివరిసారి సారె ఇచ్చినప్పుడు బయమ్మ ఇంకా అత్తచాటు కోడలే. అత్త పోయింది, బయమ్మకు తల నెరిసింది, తను ఆ చేట పట్టకుండానే కాటికి పోతానేమో అనుకుంది.

కార్తీకంలో ఒక సోమవారం పొద్దున, నాలుగు రోజుల ముసురు మీద, మరవ పారింది. బయమ్మ చేట పట్టుకుని మోకాళ్ల నీళ్లలో దిగింది. పలకలు మోగుతున్నాయి. చేట నీళ్ల మీద తిరిగి తిరిగి సాగిపోయింది. అప్పుడు ఆ యాభై అయిదేళ్ల మనిషి కొంగు నడుముకు దోపుకుని, పక్కింటి నల్లమ్మ చేయి పట్టుకుని లాగి, నీళ్లు చిందేలా ఎగిరింది. కట్ట మీద నుంచి పుల్లన్న "ముసలిదానా, కాలు జారేవు, నీకోసరం కూడా నేనే దూకల్లా" అని అరిచాడు. పెళ్లయిన ముప్ఫై ఏడేళ్లలో ఆయన అంత నోరు తెరిచి నవ్వడం ఆమె చూడలేదు.

ఇదంతా ఆనంద్ సెల్లులో తీశాడు. ఆనంద్ ఆ ఊరివాడే, బయమ్మకు వరసకు మేనల్లుడు. కదిరిలో విలేకరి. ఒక ఛానెల్‌కు కాదు, రెండింటికి. జయఘంట టీవీ గద్దె మీదున్న పార్టీది, నిప్పుకణిక న్యూస్ గద్దె దిగిన పార్టీది. ఎన్నికలైన మర్నాడు ఇద్దరూ మాటలు మార్చుకుంటారు, అంతే తేడా. ఆనంద్ దగ్గర మైకు ఒక్కటే ఉంది, దానికి తొడిగే టోపీలు రెండున్నాయి. ఒకదాని మీద గంట బొమ్మ, ఇంకోదాని మీద నిప్పు బొమ్మ.

"నన్ను టీవీలో ఏస్తావా అబ్బీ?" అంది బయమ్మ, కొంగు పిండుకుంటూ.

"పంపేసినా అత్తా. జయఘంటలో సాయంత్రానికే వస్తుంది." అంటూనే వాడు సెల్లులో ఏదో నొక్కాడు. "నా ఫోన్లో చోటు ల్యా. పంపినేవి పంపినట్టే తీసేస్తాంటా."

సాయంత్రం జయఘంటలో నిజంగానే వచ్చింది. గంట బొమ్మ ఒక మూల ఊగుతుండగా బయమ్మ ఎగురుతోంది. మా నాయకుడు కాలు మోపిన వేళ కరువుసీమ పులకించింది అని వెనక ఒక గొంతు. ఆ నాయకుడు గువ్వలపల్లిలో ఏ వేళా కాలు మోపలేదు. ఊరు ఆ సంగతి పట్టించుకోలేదు. తమ చెరువు టీవీలో వచ్చింది, అది చాలు. బయమ్మ సిగ్గుపడి చూడకుండా పొయ్యి దగ్గరికి పోయింది.

మంగళవారం వాన ఆగలేదు. పైనున్న రెండు చెరువులు తెగి ఆ నీళ్లన్నీ కిందికి వచ్చాయి. మరవలో ముళ్లకంప, కొట్టుకొచ్చిన హద్దురాళ్లు అడ్డం పడి నీళ్లు పోవాల్సినంత పోవడం లేదు. మధ్యాహ్నానికి కట్ట వెనక, తూము పక్కనే, ఊట మొదలైంది. పుల్లన్న వంగి ఆ నీళ్లు దోసిట పట్టి చూశాడు. ఆయనతో పాటు కట్ట మీద కాపలా ఉన్న తిప్పయ్య, డెబ్బై ఏళ్ల మనిషి, తనూ చూశాడు.

"తేట ఊటయితే బాధ ల్యా" అన్నాడు పుల్లన్న. "బురద వస్తాండాది తిప్పయ్యా. లోపల మన్ను కొట్టుకపోతాంది. తూము ఎత్తి బరువు తగ్గించకుంటే రేపటికి కట్ట ఉండదు. కట్ట కింద నూటాయాభై ఇండ్లు ఉండాయి."

తూమంటే కట్టకు ఇరవై అడుగుల దూరంలో నీళ్లలో నిలబెట్టిన రెండు రాతి స్తంభాలు. వాటి మధ్య ఇనుప కడ్డీ, దాని అడుగున రంధ్రాన్ని మూసిన కొయ్యగుండు. కడ్డీ లాగితే గుండు లేచి, నీళ్లు కట్ట కింది సొరంగం గుండా అవతల తూము కాలువలో పడతాయి. కడ్డీ రాలేదు. ఇరవై రెండేళ్ల ఒండ్రు గుండు మీద పేరుకుపోయింది. ఎవరో ఒకరు మునిగి చేతులతో తోడాలి. నీళ్లు లేని ఊళ్లో ఈత ఎవడు నేర్చుకుంటాడు? ఈత వచ్చినవాళ్లు ఇద్దరే, ఒకడు పుల్లన్న, ఇంకొకడు మోకాళ్లు పోయిన తిప్పయ్య.

పుల్లన్న నడుముకు మోకు కట్టుకున్నాడు. రెండో కొస తిప్పయ్య చేతికిచ్చాడు. మూడుసార్లు మునిగి మూడు గంపల బురద తోడాడు. నాలుగోసారి మునిగినప్పుడు కడ్డీ ఎగిరి పడింది, అవతల కాలువలో నీళ్లు హోరుమన్నాయి, అంతలోనే ఆ హోరు సన్నబడింది. మోకు ఒక్క ఊపు బిగిసి, రాతి అంచుకు కోసుకుని తెగింది. తిప్పయ్య చేతిలో తెగిన కొస మిగిలింది.

కబురు విని బయమ్మ కట్ట మీదికి పోలేదు. నేరుగా కట్ట దిగి తూము కాలువ దగ్గరికి పోయింది. కాలువ నోటి దగ్గర రాతి మీద మూడు గీతలుంటాయి. గుండు పూర్తిగా లేస్తే నీళ్లు మూడో గీత ముట్టాలి. మొగుడు వెయ్యిసార్లు చెప్పిన మాట అది. నీళ్లు ఒకటో గీత దగ్గరే ఉన్నాయి. గుండు లేచింది, నీళ్లు మూడో వంతే వస్తున్నాయి. మిగతా నీటికి ఏం అడ్డం పడిందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ గీతల దగ్గరే కూలబడింది. నోట్లో కొంగు కుక్కుకుంది. అవతల మరవ పారుతోంది.

ఆ సన్నటి ధారకే చెరువు జానెడు తగ్గింది. ఊట తేరుకుంది, కట్ట నిలిచింది. బయమ్మకు ఇంక మిగిలిన పని ఒక్కటే. ఆయన్ను ఆ రాళ్లలో నుంచి బయటికి తీసుకురావాలి.

బుధవారం వాన వెలిసింది. పొద్దున కదిరిలో నర్సు చదువు చదువుతున్న కూతురు లహరి పదిమైళ్లు బురదలో నడిచి వచ్చింది. ఆ వెనకే కాషాయరంగు జాకెట్లు వేసుకున్న బోటు జట్టు వచ్చింది. బయమ్మ వాళ్ల అధికారి ముందు నిలబడి, చేయి పెట్టి చూపించి మరీ చెప్పింది.

"తూములో ఉండాడు సార్. కింద కాల్వ నోరు మూసేస్తే లోపల లాగుడు నిలబడిపోతుంది. అప్పుడు పైన మునిగితే మనిషి దొరుకుతాడు. పొద్దు తిరిగేలోగా అయిపోయే పని."

అధికారి మంచివాడే. మంచివాడు కాబట్టి తల ఊపాడు. "అమ్మా, వరదలో కొట్టుకుపోయాడని టీవీలో వచ్చింది. పైనుంచి మాకు వచ్చిన ఆర్డరు కూడా అదే, మరవ వంక వెంబడి కిందికి వెతకమన్నారు" అన్నాడు.

టీవీ అంటే నిప్పుకణిక. ముందు రోజు రాత్రే ఆనంద్ ఇచ్చిన కబురును వాళ్లు అలా వండుకున్నారు. వరదలో కొట్టుకుపోయిన నీరుగంటి, మొద్దునిద్రలో సర్కారు. మనిషి తూములో ఇరుక్కుంటే అది ప్రమాదం అవుతుంది. వరదలో కొట్టుకుపోతే ప్రభుత్వం చంపినట్టవుతుంది. వాళ్లకు కావలసింది రెండోది. బోటు మరవ వంకలో మూడు మైళ్లు కిందికి పోయి, ఒక చచ్చిన దూడను పట్టుకొచ్చింది.

మధ్యాహ్నానికి రెండు ఛానెళ్ల వ్యాన్లూ దిగాయి. జయఘంట తరఫున విష్ణువర్ధన్ అనే కుర్రాడు, నిప్పుకణిక తరఫున జయంతి. విష్ణువర్ధన్ మరవ పక్కన మోకాళ్లలోతు నీళ్లు చూసుకుని, అందులో మోకాళ్ల మీద కూర్చున్నాడు. రొమ్ముల దాకా నీళ్లు వచ్చినట్టు కనబడింది. అలా కూర్చుని, ప్రాణాలకు తెగించి ఇక్కడ నిలబడ్డానని చెప్పాడు. ఎనుములను తోలుకుపోతున్న నల్లమ్మ ఆగి, "ఆయప్పకు కాళ్లు రావా, పాపం" అని అడిగింది. ఎవడో ఆమెను పక్కకు లాగాడు, ఫ్రేములో పడుతోందట.

జయంతి మరీ అంత కోతిపని చేయలేదు. బోటు జట్టువాళ్ల జాకెట్ ఒకటి అడిగి వేసుకుని, ఒడ్డున కట్టేసిన బోటులో కూర్చుంది. ఇద్దరు దాన్ని ఊపారు.

ఇద్దరూ బయమ్మ దగ్గరికి వచ్చారు. ఇద్దరికీ ఆమె ఒకే మాట చెప్పింది. గీతల సంగతి, కాలువ నోరు మూయాల్సిన సంగతి, మోకు తెగిన సంగతి, ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పింది. టీవీలో చెబితే పెద్దవాళ్లు వింటారు, పెద్దవాళ్లు వింటే బోటు తూము దగ్గరికి వస్తుంది. అది ఆమె లెక్క. ఆ లెక్కలో తప్పు పట్టడానికి ఊళ్లో ఎవరికీ తోచలేదు.

సాయంత్రం హోటల్లో టీవీ ముందు ఊరంతా చేరింది. జయఘంటలో బయమ్మ నోరు కదులుతోంది, మాట మాత్రం విష్ణువర్ధన్‌ది. "భర్త కనిపించక ఒక రోజు దాటింది. ఈ భార్య కంట నీటిచుక్క లేదు. ఎందుకు?" అని అడిగి, ఎందుకో ఆలోచించుకోమన్నట్టు ఆగాడు. ఛానెల్ మారిస్తే నిప్పుకణికలో బయమ్మ నోరు కదులుతోంది, వెనక ఎవరో ఆడమనిషి గుండెలు బాదుకుని ఏడుస్తోంది. ఏ జిల్లాలో, ఏ ఏడు, ఎవరి చావుకు ఏడ్చిన ఏడుపో తెలియదు. తెచ్చి బయమ్మ మొహానికి అతికించారు.

"అది మాయమ్మ గొంతు కాదు" అంది లహరి, ఆనంద్ వైపు తిరిగి. "తూము మాట యాడ పోయింది బావా?"

"నేను అంతా పంపినా లహరీ. వాళ్లాడ కోసినారు."

"రెండు ఛానెళ్లోళ్లూ అదే మాట కోసినారా?"

ఆనంద్ టీ గ్లాసులోకి చూశాడు. వాడి మెడలో రెండు గుర్తింపు కార్డులు వేలాడుతున్నాయి.

గురువారం జయఘంట ఇంకో మెట్టు దిగింది. తూము తెరిచింది ఎవరు, అన్నది ఆ రోజు చర్చ. నలుగురు కూర్చున్నారు. నిండు చెరువు తూము ఎత్తడం కుట్ర కాదా అని ఒకడు. ఎత్తినవాడు ఏ పార్టీ అని ఇంకొకడు. పుల్లన్న ఆధార్ కార్డు బొమ్మ, ఆ కార్డులో దొరగారు కూడా దొంగలాగే ఉంటారు, దాని చుట్టూ ఎర్ర సున్నా చుట్టారు. తిప్పయ్య ఇంటి మీద ఎప్పుడో ఎగిరిన పాత జెండాకర్ర చూపించి, ఈ సాక్షిని నమ్మగలమా అన్నారు. తెగిన మోకు చూపించి, తెగిందా కోశారా అన్నారు. మధ్యమధ్యలో సోమవారం నాటి బయమ్మ ఎగురుతూనే ఉంది. కింద అక్షరాలు వచ్చాయి. పరారీలో నీరుగంటి, ఇంట్లో సంబరాలు. మొగుడు మునిగింది మంగళవారం, ఆమె ఎగిరింది సోమవారం. జయఘంటకు సోమవారం తర్వాత మంగళవారం రావాలనే పట్టింపు లేదు.

పదకొండు గంటలకు బోటు జట్టు సామాను సర్దుకుంది. మొదటి అబద్ధం వాళ్లను దిగువకు పంపింది, రెండోది ఇంటికి పంపింది. అధికారి బయమ్మ కళ్లలోకి చూడలేదు.

"పారిపోయిన మనిషి కోసం బోటెందుకని ఫోన్ వచ్చిందమ్మా. కదిరిలో కాలనీలు మునిగున్నాయి, మంత్రిగారు వస్తున్నారు."

"ఆడుండే రాళ్ల కాడికి ఒక్కసారి రా సార్. ఆ నీళ్లు సూసి పో. ఒకటో గీత, అంతే" అంది బయమ్మ. ఆయన రాలేదు. ట్రాక్టరు వెనక బోటు కట్టుకుని పోయారు.

జయంతి అప్పుడు వచ్చింది. బయమ్మ పక్కన కట్ట మీద కూర్చుంది. చేయి కూడా పట్టుకుంది.

"అమ్మా, వాళ్లు మీ ఆయన్ని దొంగను చేశారు. మేము మీ వైపు. పన్నెండు గంటలకు లైవ్ ఇస్తాను. లైవ్ అంటే కోయడానికి ఉండదు, మీరు తూము గురించి ఏం చెప్పినా నేరుగా పోతుంది. కానీ మీరు ఇలా రాయిలా కూర్చుంటే చూసేవాళ్లు నమ్మరు. ముందు ఒక్క నిమిషం ఏడవండి. తర్వాత చెప్పండి."

"మరవ పారుతాంది తల్లీ" అంది బయమ్మ.

జయంతికి అర్థం కాలేదు. లహరి చెప్పింది. జయంతి విని, "అయ్యో, ఎంత మంచి ఆచారం" అని, "పన్నెండుకి ఇంకా ఎనిమిది నిమిషాలుంది" అంది.

బయమ్మ మరవ వైపు చూసింది. నీళ్లు పలచబడ్డాయి కానీ పారుతున్నాయి. ఇరవై రెండేళ్లు ఊరు ఎదురుచూసిన ఆడబిడ్డ. ఇంకో పక్క తూము స్తంభాలు. ఆ రాళ్ల కింద ఆయన మూడో రోజు. మూడు రోజులుగా నోట్లో కొంగు కుక్కుకుని ఊరి చెరువును కాపాడుతోంది ఆమె. ఆ ఊరి చెరువును కాపాడినవాడు పారిపోయాడని హోటల్లో ఒకరిద్దరు కూడా అనడం మొదలుపెట్టారు. ఆ మాట ఆమె చెవిన పడింది.

"ఏడుస్తాలే" అంది. "గంగమ్మతో నేను చెప్పుకుంటా. కానీ మాటిచ్చినావు, తూము మాట పోవల్ల."

"ఒట్టు" అంది జయంతి.

పన్నెండయింది. ఎర్రదీపం వెలిగింది. బయమ్మకు ఏడవడానికి ప్రయత్నం అక్కరలేకపోయింది. నోరు తెరవగానే మూడు రోజులది ఒక్కసారిగా వచ్చింది. ఆ ఏడుపు విని కట్ట కింద పనులు చేసుకుంటున్న ఆడవాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. మరవ పారుతుండగా నీరుగంటి పెళ్లాం ఏడ్చింది. నల్లమ్మ చేతిలోని గడ్డిమోపు కింద పడేసింది. బయమ్మ ఏడ్చి ఏడ్చి, కొంగుతో మొహం తుడుచుకుని, చేయెత్తి తూము వైపు చూపించి, "నా మొగుడు పారిపోల్యా సామీ. ఆడ, ఆ రాళ్ల కింద, తూములో" అని మొదలుపెట్టింది.

జయంతి చెవిలో ఏదో వినబడింది. మైకు తన వైపు తిప్పుకుంది. "చూశారుగా, ఈ తల్లి కన్నీటికి సర్కారు ఏం జవాబు చెబుతుంది? ఇక స్టూడియోలో చర్చలోకి వెళదాం."

ఎర్రదీపం ఆరింది. బయమ్మ చేయి ఇంకా తూము వైపే ఉంది.

"అయిపాయనా?" అంది.

"చాలా బాగా వచ్చిందమ్మా" అంది జయంతి. ఆమె గొంతులో నిజంగానే మెచ్చుకోలు ఉంది. అసహ్యమంతా అక్కడే ఉంది. అబద్ధం చెప్పినా బాగుండేది.

లహరి కట్ట దిగి, సిగ్నలు దొరికే గుట్టెక్కి, తనతో నర్సు చదువు చదివే పిల్లకు ఫోన్ చేసింది. ఆ పిల్లది బుక్కరాయసముద్రం. వాళ్ల నాయన శ్రీరంగప్ప అక్కడి పెద్ద చెరువులో చేపలు పట్టే మనిషి.

ఆయన శుక్రవారం పొద్దున రెండు బస్సులు మారి వచ్చాడు. భుజాన వలతాడు, చేతిలో అన్నం క్యారియరు. నాలుగు రోజులుగా టీవీలో ఊగిపోతున్న గువ్వలపల్లి గురించి ఆయనకు ఒక్క ముక్క తెలియదు. వాళ్లింట్లో టీవీ పిడుగుపడి కాలిపోయిందట.

"తూము కాల్వ యాడుండాదమ్మా?" అని అడిగాడు. చెరువు మీదికి అన్ని కార్లు, అన్ని జీపులు వచ్చాయి కదా, ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయన.

బయమ్మ గీతలు చూపించింది. ఆయన వంగి చూసి, "నిజమే" అన్నాడు. తిప్పయ్య మాట మీద మగవాళ్లు చెనక్కాయ గోతాలకు మన్ను నింపి కాలువ నోటికి అడ్డం వేశారు. హోటల్లో నోరు జారినవాళ్లే ముందుగా మోశారు. ధార ఆగింది. శ్రీరంగప్ప తాడు కట్టుకుని రెండుసార్లు మునిగాడు. రెండోసారి పైకి వచ్చి, కట్ట మీదున్న ఆడవాళ్లను అవతలికి పొమ్మని సైగ చేశాడు. బయమ్మ పోలేదు.

విష్ణువర్ధన్ మోకాళ్ల మీద కూర్చుని ప్రాణాలకు తెగించిన చోటికి, జయంతి పడవ ఊపించుకున్న చోటికి, పుల్లన్న దొరికిన చోటు ముప్ఫై అడుగుల దూరం కూడా లేదు. ఆయన కుడిచేయి మోచేతి దాకా తూము రంధ్రంలో ఉంది. ఎడమచేత్తో కొయ్యగుండును పట్టుకునే ఉన్నాడు.

ఆనంద్ అదంతా సెల్లులో తీశాడు. గుట్టెక్కి రెండు ఛానెళ్లకూ ఫోన్ చేశాడు. జయఘంటవాళ్లు, పరారీ అని రెండు రోజులు వేశాక ఇప్పుడు దొరికాడని ఎలా వేస్తాం, ఆ కథ ముగిసిపోయింది అన్నారు. నిప్పుకణికవాళ్లు, కోస్తాలో తుఫాను తీరం దాటుతోంది, మనుషులందరూ అక్కడే ఉన్నారు, కింద అక్షరాల్లో వేస్తాం చూద్దాం అన్నారు. వ్యాన్లు రెండూ తెల్లవారుజామునే పోయాయని వాడికప్పుడు తట్టింది.

ఆ మధ్యాహ్నానికి మరవ నిలిచిపోయింది. వాన వెలిసి మూడు రోజులయింది, నిలిచిపోక ఏం చేస్తుంది? ఎవరూ బయమ్మను ఏమీ అనలేదు. అననందుకే ఆమెకు ఎక్కువ నొచ్చింది. ఆడబిడ్డ వెళ్లిపోయింది, తన ఏడుపు వినే వెళ్లిపోయింది, ఆ ఏడుపూ దేనికీ అక్కరకు రాలేదు.

మూడోనాడు, కాకులకు పెట్టి వచ్చాక, ఆనంద్ గడప దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

"అత్తా, దీపం కాడ పెట్టనీకి మామ ఫోటో పెద్దది చేయించుకొస్తా. ఏదైనా ఉంటే ఇయ్యి" అన్నాడు.

ఆధార్ కార్డు తప్ప ఇంకో ఫోటో ఆ ఇంట్లో లేదు. లహరి కార్డు తీసింది. బయమ్మ దాన్ని చూసి, ఎర్ర సున్నా గుర్తొచ్చి, పక్కన పెట్టేసింది.

"ఆ పొద్దు నేను ఎగిరింది తీసినావే, అది సూపీ."

"ఇప్పుడెందుకత్తా అది."

"ఇట్ల ఇయ్యి."

వాడు జయఘంట వీడియో తీసి ఇచ్చాడు. బయమ్మ సిగ్గుపడి, తర్వాత రోత పుట్టి, ఇన్ని రోజులూ దాన్ని కళ్లెత్తి చూడలేదు. ఇప్పుడు చూసింది. తను ఎగురుతోంది, నల్లమ్మ జారబోతోంది. వెనక కట్ట మీద తెల్లపంచె, భుజాన తువ్వాలు, గాలిలోకి లేచిన చేయి. ఆయనే. తనను చూసి నవ్వుతున్న ఆయనే. మొహం ఉండాల్సిన చోట పసుపుపచ్చ గంట ఊగుతోంది.

"ఆ గంట తీసెయ్యి ఆనందూ. మీ మామ మొగం కనపడల్యా."

"అది తీయనీకి కాదత్తా. వాళ్లు ఏసింది."

"వాళ్లది ఎందుకు, నీ కాడుండేది సూపీ. గంట లేనిది."

ఆనంద్ గడప వైపు చూశాడు. "తీసేసినా" అన్నాడు. "ఫోన్లో చోటు లేదని ఆ పొద్దే తీసేసినా."

బయమ్మ సెల్లు ఒళ్లో పెట్టుకుని మళ్లీ మొదటి నుంచి చూసింది. గంట దగ్గరికి రాగానే కొంగు కొసతో అద్దాన్ని తుడిచింది. పోలేదు. బొటనవేలితో గట్టిగా రుద్దింది. బొమ్మ పైకి జారిపోయి, దాని కింద నుంచి ఇంకో వీడియో వచ్చింది. ఏదో సముద్రపు ఒడ్డున, రొమ్ముల దాకా నీళ్లలో, మైకు పట్టుకుని విష్ణువర్ధన్ అరుస్తున్నాడు. ఆ నీళ్లు మోకాళ్ల లోతే ఉంటాయని బయమ్మకు తెలుసు.